అలసట ఎరగని కుసుమ

మందస,
ఫిబ్రవరి 4.

ప్రియమైన బావ ఢిల్లీబాబుకి,

"చెడు మాటలు చెప్పులతో పాటు బయటే విడవండి" అని గుమ్మానికి బోర్డు కట్టుకున్నవాడివి, ఒకటి అడుగుతాను, జవాబు చెప్పు. నీ పెళ్ళాం కాళ్ళు వాచాయని సొంత బావమరిది వచ్చి చెబితే అది చెడు మాటా, మంచి మాటా?

మొన్న కాశీబుగ్గలో ఒకరింట పారాయణం ముగించుకుని, భుజాన సంచిలో గ్రంథం, చేతిలో మా పెరటి మునగకాయల కట్ట పట్టుకుని మీ ఇంటికి వచ్చాను. మీ పెళ్ళయిన నాటినుంచీ వస్తున్న ఇల్లు. నువ్వు గుమ్మానికి అడ్డంగా నిలబడి పళ్ళన్నీ కనబడేలా నవ్వావు.

"బావా, ముందల మూడుసార్లు ఊపిరి పీల్సి వదిలీ. ఆనక లోపటికి రా. ఇంట్లోకి నెగిటివ్ తేకు" అన్నావు.

నేను నెగిటివ్‌నా? మీ పెళ్ళికి కొబ్బరాకు పందిరి వేసినవాణ్ణి, నేను నెగిటివ్‌నా? ఆ నవ్వు చూస్తే ఒంటిమీద జెర్రి పాకినట్టయింది. మునిసిపాలిటీ కాలవలో చెయ్యి పెట్టమన్నా పెడతాను గానీ ఆ నవ్వుకి ఎదురుగా ఇంకో నిమిషం నిలబడలేను.

నా చెల్లెలు అరుగు మీద చేట ముందు కూర్చుని జీడిపప్పుకి పొట్టు తీస్తోంది. "అన్నియ్యా, టీ తాగెల్లు" అని లేవబోయి గోడ పట్టుకుంది. పాదాలు చూశాను. మడమ ఎక్కడో, పిక్క ఎక్కడో తెలియడం లేదు. వేలితో నొక్కితే గుంట పడింది, పడ్డ గుంట అలాగే ఉండిపోయింది.

"ఏటే ఈ కాలు?"

"ఏటీ నేదన్నియ్యా. కూకుని కూకుని."

మా పెద్దమ్మ కొడుకు పోతురాజు నీకు తెలుసు. వాడూ 'ఏటీ నేదు' అనే అన్నాడు. ఇప్పుడు డయాలసిస్ కోసం మందస నుంచి పలాసకు తిరగడమే వాడి బతుకు. మూత్రపిండాల జబ్బు పట్టిన ఈ ఉద్దానంలో పుట్టినవాడు వాచిన కాలు చూసి నవ్వగలడా బావా? ఇక్కడ మంచినీళ్ళు తాగేటప్పుడు కూడా మనిషి గ్లాసులోకి ఒకసారి తొంగి చూసుకుంటాడే!

ఫోను కట్టేసి ట్రంకుపెట్టెలో పడేశావట, బతుకు తేలిక చేసుకోవడానికి. అందుకే ఈ ఉత్తరం. పోస్టుమాన్‌ని కూడా ఊపిరి పీల్చి వదలమనకు. కుసుమను పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించు. ఇది ఒక్కటే నేను అడిగేది. ఆ బోర్డు ఉన్నంతకాలం నీ గుమ్మం తొక్కను.

నీ మేలు కోరే (నమ్మకపోతే నీ ఖర్మ)
దానయ్య


పలాస,
ఫిబ్రవరి 13.

ప్రియమైన బావ దానయ్యకి,

నీ ఉత్తరం అందింది. ముందు నీకు కృతజ్ఞతలు. నీ తిట్లకి కూడా కృతజ్ఞతలు. టెక్కలి ఫంక్షను హాల్లో ప్రతి ఆదివారం మాకు పాఠం చెప్పే సారు అంటారు, తిట్టేవాడు మన మనసుకి వ్యాయామం చేయిస్తాడని. నువ్వు నాకు వ్యాయామశాలవి బావా.

నేనేం తప్పు చేశానో చెప్పు. ఇంట్లో మనిషికి ఒక కంచం, ఒక గ్లాసు, మూడు జతల బట్టలు. ఫ్రిజ్జు పోయింది, మిక్సీ పోయింది, టీవీ పోయింది. పూటకి ఒకటే కూర. పొద్దున్న లేవగానే అద్దం ముందు నిలబడి మంచి మాటలు అనుకుంటాను. పూర్వం నా బుర్ర పలాస రైల్వేగేటు పడినప్పటి రోడ్డులా ఉండేది. ఇప్పుడు ఖాళీ. నువ్వు మందిరంలో మైకు పట్టుకుని అరిచేది దీని గురించే కాదా? నువ్వు అరుస్తావు, నేను చేశాను. అదీ నీ కడుపుమంట.

కార్ఖానా నుంచి మా ఇంటికొచ్చే జీడిపప్పుకి పొట్టు తీయడానికి నూకమ్మ, చిన్నతల్లి వచ్చేవారు కదా, వాళ్ళని మానిపించాను. ఆ కబుర్లు, ఆ గొడవలు, అబ్బో! ఇప్పుడు ముగ్గురి పనీ కుసుమ ఒక్కతే చేస్తోంది. పొట్టు తీయడం, నిండు పప్పు గుండు, చీలింది బద్ద, విరిగింది ముక్క అని వేరు చేయడం, అన్నీ. మసాలా కూడా రోట్లోనే నూరుతుంది. నవ్వుతూ చేస్తుంది బావా! పొద్దున్న టీ తాగిందంటే ఇక ఒళ్ళు నొప్పి అన్నమాటే ఉండదు. ఒక్కసారి చేట ముందు కూర్చుంటే మంచినీళ్ళకి కూడా లేవదు. అంత ఏకాగ్రత నీ భజన బృందంలో ఒక్కడికైనా ఉందా? నేను పప్పు తెస్తాను, అప్పజెబుతాను, మిగతా సమయం మనసు శుభ్రం చేసుకుంటాను.

పరీక్ష అంటావు. పరీక్ష అంటే అనుమానం. అనుమానాన్ని ఇంట్లోకి తెచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టమంటావా? రోజంతా కూర్చుంటే ఎవరి కాళ్ళైనా బరువెక్కుతాయి.

నా సంగతి సరే, నీ సంగతి చెప్పు. నీ ఇంట్లో సన్మానపు శాలువాలు బీరువా తలుపు మూయనివ్వడం లేదని మా కుసుమే చెప్పింది. మైకు సెట్టు ఒకటి, రెండు కమిటీలు, ఊళ్ళో ప్రతి తగువుకీ తీర్పు. ఇన్ని నెత్తినేసుకున్న స్వామివారు జీడితోట కింద పొద కొట్టి ఎన్నాళ్ళయింది? ఆ పొదలో నక్కలు పిల్లలు పెట్టి వాటికి పెళ్ళిళ్ళు కూడా చేస్తున్నాయట. జీడిపిక్క రాలే రోజులొస్తున్నాయి. రాలింది కనబడుతుందా నీకు? ఒక్క పనైనా మొదలెట్టి ముగించు బావా, ఆనక నాకు బోధ చెయ్యి.

ప్రేమతో, తేలికైన మనసుతో
ఢిల్లీబాబు


మందస,
ఫిబ్రవరి 25.

ప్రియమైన బావకి,

నక్కలకి పెళ్ళిళ్ళు! చదివి గ్రంథం మూసేశాను. పారాయణం మధ్యలో గ్రంథం మూయించినవాడివి నువ్వొక్కడివే.

కోపంతో కత్తి పట్టుకుని తోటకి వెళ్ళాను. ఆ పొద చూశాను. పెద్ద తుపానుకి పడిపోయిన చెట్ల మోళ్ళు, వాటి మీద తీగలు, మధ్యలో ముళ్ళు. ఇది నావల్ల కాదు, కూలీలు దొరికాక చూద్దాం అని వెనక్కి తిరిగాను. తిరిగినవాణ్ణి ఎందుకో ఒక్క చెట్టు వైపు చూశాను. తోట సంగతి వదిలెయ్, దీని కింద నీడ పడినంత మేర కొట్టి ఇంటికి పో అనుకున్నాను. కొట్టాను. మర్నాడు దాని పక్క చెట్టు. తోట మొత్తాన్ని తలుచుకుంటే చెయ్యి లేవదు, ఒక్క చెట్టునే తలుచుకుంటే కత్తి దానంతట అదే ఆడుతుంది. మైకు సెట్టు మందిరానికి ఇచ్చేశాను. కమిటీలు రెండూ వదిలేశాను. శాలువాలు మా ఇంటిది రత్నాలమ్మ మా వీధిలో ముసలమ్మలకి పంచింది, చలి కాలం అయిపోయాక ఇచ్చావేమయ్యా అని వాళ్ళూ నన్నే తిట్టారు. ఇప్పుడు తోటలో నేల కనబడుతోంది. పొద్దున్న లేస్తే కాళ్ళు అటే పోతున్నాయి. ఈ మేరకు నీ మాట నాకు పనికొచ్చింది. ఒప్పుకోవడానికి ఒళ్ళు మండుతోంది, అయినా ఒప్పుకుంటున్నాను.

కాని విను. నేను దించుకున్న బరువు నేల మీద పెట్టాను. నువ్వు దించుకున్న బరువు ఎక్కడ పెట్టావు? మిక్సీ తీసి నా చెల్లెలి చేతుల్లో పెట్టావు. నూకమ్మనీ చిన్నతల్లినీ తీసి నా చెల్లెలి నడుం మీద కూర్చోబెట్టావు. ఐదో తరగతితో బడి వదిలి, గ్రంథం నాకు నేనే కూడబలుక్కుని చదువుకున్నవాణ్ణి. త్యాగం గురించి అందులో ఎంతో ఉంది. తన సుఖం వదులుకోమని ఉంది గాని, తన పని పెళ్ళానికి వదిలిపెట్టి అద్దం ముందు నిలబడమని ఏ పుటలోనూ లేదు. నాకు రోత పుడుతోంది బావా. కుళ్ళిన చేప మీద అత్తరు చల్లి వాసన బాగుందంటున్నావు.

గుమ్మం తొక్కనన్నాను కాబట్టి రత్నాలమ్మను పంపాను. ఆమె చూసింది చూసినట్టు రాస్తున్నాను.

"ఉంగరమేదే?" అని అడిగిందట.

"ఏలికి పట్టట్నేదొదినా. ఒళ్ళు సేసినాను కదా" అని నా చెల్లెలు నవ్విందట.

"ఒళ్ళు సెయ్యడానికి నువ్వు తిన్నావేటే? కంచంలోది సగం కుక్కకే యేత్తన్నావు."

ఆ పిల్లకి ఎండు నెత్తళ్ళంటే ప్రాణమని రత్నాలమ్మ పొట్లం కట్టి తీసుకెళ్ళింది. విప్పగానే ఆ వాసనకి కుసుమ పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకుంది. అప్పుడు నువ్వొచ్చి ఏమన్నావు? "మంచిదే, ఒంట్లో చెత్తంతా బయటికి పోతంది" అన్నావు. ఆ మాట నువ్వు అన్నావా, లేక నీ నోట్లో దూరి టెక్కలి సారు అన్నాడా? నా చెల్లెలి వాంతిలో కూడా నీకు శుభం కనబడిందా?

కాళ్ళ వాపు, ముఖం వాపు, అన్నం మీద వెగటు. ఇవి ఏమిటో ఉద్దానంలో పశువుల కాపరిని అడిగినా చెబుతాడు. రక్తపరీక్ష చేయించు. మూడో ఉత్తరం రాయించుకోకు.

దానయ్య


పలాస,
మార్చి 6.

ప్రియమైన బావకి,

కోపం తగ్గాలని ప్రార్థిస్తూ రాస్తున్నాను. తోట సంగతి చదివి సంతోషం వేసింది. చూశావా, నాలో గురువుని నువ్వు గుర్తించే రోజు వచ్చింది.

శుభవార్త. వచ్చే ఆదివారం టెక్కలి హాల్లో మా సభ. కుసుమకి స్టేజీ మీద సన్మానం. 'అలసట ఎరగని మహిళ' అని షీల్డు ఇస్తారు. ముగ్గురి పని ఒక్కతే నవ్వుతూ చేస్తోందని నేను చెప్పగా సారు కళ్ళు చెమర్చాయి. "అలాంటి మనిషిని జనం చూడాలి, ఆమె నోటితోనే రహస్యం చెప్పించాలి" అన్నారు. నువ్వు, రత్నాలమ్మ అక్క తప్పకుండా రండి. నువ్వు స్టేజీల మీద ఎన్ని శాలువాలు కప్పించుకున్నావు, నీ చెల్లెలికి ఒక్కటి దక్కితే చూడవా?

ఈమధ్య కాస్త నీరసం అంటోంది. ఎండలు ముదురుతున్నాయి కదా. ఆ మాట సభలో ఎవరితోనూ అనకు.

ఆహ్వానిస్తూ
ఢిల్లీబాబు


మందస,
మార్చి 10.

బావకి,

ప్రియమైన అని రాయబోయి కలం ఆపేశాను.

రాను. ఎద్దు ఎంత బరువు లాగుతుందో సంతలో చూపించి చప్పట్లు కొట్టించుకునేవాణ్ణి చూశాను. వాడైనా సాయంత్రం దానికి కుడితి పెడతాడు. నా చెల్లెల్ని స్టేజీ ఎక్కించి రహస్యం అడుగుతారా? మీ సభంటే నాకు ఏవగింపు. ఆ షీల్డు తెచ్చి ఇంట్లో పెడితే దాని మీద ఉమ్మేసి పోతాను, బోర్డు ఉన్నా సరే, లేకపోయినా సరే.

ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళు. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?

దానయ్య


పలాస,
మార్చి 17.

ప్రియమైన బావకి,

గుమ్మానికి బోర్డు లేదు. విప్పేసి పొయ్యిలో పెట్టాను. ఏం జరిగిందో రాస్తున్నాను, మధ్యలో తిట్టకుండా చివరిదాకా చదువు. ఆనక తిట్టు, నాకూ అదే కావాలి.

సభకి జనం బాగా వచ్చారు. పలాస నుంచి పొట్టు తీసే ఆడవాళ్ళు కూడా చాలామంది వచ్చి వెనక వరసల్లో కూర్చున్నారు. సారు తెల్ల చొక్కా వేసుకుని, మెడ దగ్గర మైకు తగిలించుకుని అటూ ఇటూ పరిగెత్తి మాట్లాడారు. తర్వాత కుసుమను పిలిచారు. ఆమె మెట్లు ఎక్కలేకపోయింది. నేను చెయ్యి పట్టుకుని ఎక్కించాను. జనం అది ప్రేమ అనుకున్నారు.

"అమ్మా, పొద్దున్నుంచి చీకటి పడేదాకా ముగ్గురి పని ఒక్కరే చేస్తున్నారు. ఒక్కరోజు కూడా ఒళ్ళు నొప్పి అనలేదట. ఏమిటమ్మా రహస్యం?" అని సారు చేతి మైకు ఆమెకి ఇచ్చారు.

కుసుమ నా వైపు చూసింది. నేను చెప్పు చెప్పు అన్నట్టు తల ఊపాను.

"రగస్యం ఏటుంది బాబూ" అంది. "బిల్ల."

"ఏమిటమ్మా?"

"నొప్పి బిల్ల. తెల్లది. మా ఈది కొట్లో ఇత్తారు. పొద్దున్న టీతోటి ఒకటి, మద్దేన్నం ఒకటి. పప్పు ఎక్కువొచ్చిందనుకో, సందేళ ఇంకోటి. ఏసుకుంటే నడుం ఉన్నట్టే తెల్దు."

సారు నవ్వు అలాగే ఉంది గానీ చెయ్యి మైకు కోసం చాచారు. కుసుమ పాపం, ఇంకా చెప్పమంటున్నారనుకుంది.

"ఇంకోటి కూడా ఉంది బాబూ. నీల్లు తాగకూడదు. తాగితే పెరట్లోకి లేవాలొత్తాది. లేచినోలు సేతులు కడుక్కోవాల. తడి సెయ్యి పప్పుకి పనికిరాదు, మచ్చ పడిపోద్ది. ఆరీదాకా ఊరికే కూకోవాల. అందుకే గొంతు తడుపుకుని ఊరుకుంటాం. మా నూకమ్మ పిన్ని అయితే నాలుగు బిల్లలు ఏసుకునీది, పెద్ద మనిసి కదా."

వెనక వరసలోంచి ఒకామె లేచి, "ఔను బాబూ, నానూ అంతే" అంది. ఇంకొకామె బొడ్డు సంచిలోంచి బిళ్ళల అట్ట తీసి పక్కామెకి చూపించి, "నీకూ ఇదేనేటి, ఎర్రదా?" అని అడిగింది. ఏదో చీర రంగు అడిగినట్టు.

సారు తేరుకున్నారు. "చూశారా! సమస్య చెప్పుకుని ఏడవలేదు. దారి వెతుక్కుంది. అదీ పాజిటివ్ మనిషి! చప్పట్లు!" అన్నారు.

హాలంతా కొట్టింది బావా. నేనూ కొట్టాను. రెండు చేతులతో కొట్టాను. కొట్టిన తర్వాత ఆమె కాళ్ళు కనబడ్డాయి. సన్మానానికని కొత్త చెప్పులు కొన్నాను. అవి పట్టక మడమలు వెనక్కి వేలాడుతున్నాయి.

బస్సులో షీల్డు ఒళ్ళో పెట్టుకుని, "ఏటయ్యా, తప్పు మాటాడీసేనేటి?" అని అడిగింది. నా చేతులు చూసుకుంటే అసహ్యం వేసింది. నిజం చెప్పినామె తప్పు చేశానా అని అడుగుతోంది. చప్పట్లు కొట్టినవాణ్ణి పక్కన కూర్చున్నాను.

మర్నాడు ఆమె లేవలేదు. నేను చేట ముందు కూర్చున్నాను. ఎండ వీధిలోకి దిగకముందే నడుం విరిగిపోయింది. జీడి పొట్టు గోళ్ళ సందుల్లో దూరింది, కళ్ళు మండాయి, పప్పు విరిగి గుండు బద్దలయింది. నూకమ్మ వీధిలో పోతూ ఆగింది. "ఏటి అల్లుడూ, కొత్త కూలోడివా? బిల్ల ఏసుకోకుండా కూకున్నావేటి, పోతావు!" అని కొంగు ముడి విప్పి నాకు ఒక బిళ్ళ అందించింది. ఎగతాళికి కాదు. మనం ఎదుటివాడికి వక్క ఇస్తామే, అలాగ. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను. మా ఇంట్లో ఇన్నాళ్ళూ నవ్వింది ఇది. నేను ఊళ్ళో చెప్పుకు తిరిగిన ఏకాగ్రత ఇది. పారేశాను.

కుసుమ సాయంత్రానికి లేచి కూర్చుంది. ఆసుపత్రికి పోదాం అన్నాను.

"ఈ పప్పు ఇచ్చీసినాక సూద్దారి. సీజను మొదలవతంది. ఇప్పుడు నాను మంచమెక్కితే పప్పు ఇంకోలికి ఇచ్చీత్తారు" అంది.

నాకూ భయంగా ఉంది బావా. అక్కడ ఏం చెబుతారో. ఇన్నాళ్ళూ నవ్వు వెనక దాక్కున్నది ఈ భయమే కాబోలు. ఉగాది వెళ్ళాక, కాస్త మనసు కుదుటపడ్డాక తీసుకెళ్తాను. తప్పకుండా తీసుకెళ్తాను.

నీ
ఢిల్లీబాబు


మందస,
మార్చి 20, తెల్లవారుజాము.

ప్రియమైన బావకి,

తిట్టడానికి కూర్చున్నాను. నీ ఉత్తరం రెండోసారి చదివాక నీమీద తిట్టు పలకలేదు. ఆ చప్పట్ల మీద మాత్రం నా రోత తగ్గలేదు, తగ్గదు. మనిషి ఒంటిని బిళ్ళతో కొట్టి లేపి, ఆ లేచిన మనిషికి దండ వేసే లోకం మీద నేను బతికినంతకాలం ఉమ్ముతూనే ఉంటాను. పొట్టు తీసే అరుగుల మీద టీ గ్లాసు పక్కన బిళ్ళ పెట్టడం ఎప్పుడు మర్యాద అయిపోయింది? ఎవరూ అడగలేదేం? మందిరంలో గంటలకొద్దీ అరిచే నేను ఆ అరుగు ముందునుంచే కదా నడిచి వెళ్ళేది!

ఈ జబ్బు మన నేలలో ఎందుకు పుడుతోందో పెద్ద డాక్టర్లే ఇంకా తేల్చలేదు. నొప్పి బిళ్ళలు ఇష్టం వచ్చినట్టు మింగితే మూత్రపిండాలు పోతాయని మాత్రం ఆసుపత్రి గోడలమీదే రాసి ఉంది. పోతురాజు కోసం వెళ్ళినప్పుడల్లా దాని కిందే కూర్చున్నాను. పైగా నీళ్ళు మానేసింది. ఆమె ఒంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు, నీకు తెలియదు. తెలిసేది ఒక్కచోటే.

ఉగాది వెళ్ళాక అన్నావు. మనసు కుదుటపడ్డాక అన్నావు. బావా, నీ మనసు కుదుటపడేదాకా ఆమె రక్తం ఆగి నిలబడుతుందా? మంచి ఆలోచన అని ఇన్నాళ్ళు కళ్ళు మూసుకున్నావు. వాచిన కాలిని వాచిందనే చూడు. చూసి, ఇంకా దారి ఉందని నమ్ము. నమ్మినవాడివి చెప్పులు వేసుకో. నాకు తెలిసిన మంచి ఆలోచన ఇంతే. ఒకవేళ ముదిరితే దానికీ మందు ఉంది, మనుషులు ఉన్నారు, నేనున్నాను. ముదరకపోతే బిళ్ళ మానేసి, నీళ్ళు తాగి, అదే అరుగు మీద నవ్వుతుంది నా చెల్లెలు, ఈసారి సొంత నవ్వు. తోట మొత్తాన్ని తలుచుకుని హడలిపోకు. ఇవాళ నీ ముందున్నది ఒక్క చెట్టు. ఆసుపత్రి. తక్కినవన్నీ పక్కన పెట్టు.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యలేదు. తెచ్చి నీ చేతికి ఇచ్చినవాడు మా వీధి హరిబాబు. అతని ఆటో నీ గుమ్మం ముందే ఉంది. ఇంజను ఆపొద్దని చెప్పాను. అందులోంచి దిగుతున్నది రత్నాలమ్మ. కుసుమ పప్పు గురించి బెంగపెట్టుకుంటుందని నాకు తెలుసు. చేట ముందు రత్నాలమ్మ కూర్చుంటుంది, చిన్నతల్లిని కూడా పిలుచుకుంటుంది. వాళ్ళు దాహం వేసినప్పుడల్లా లేస్తారు, నీళ్ళు తాగుతారు, చేతులు కడుక్కుని ఆరేదాకా కబుర్లు చెప్పుకుంటారు. పప్పు ఆలస్యమైతే కార్ఖానావాడితో నేను మాట్లాడతాను. నా నోరు అందుకైనా పనికిరాకపోతే ఇంకెందుకు? రేపటినుంచి ఆ చేట ముందు నీకూ చోటుంది, నడుం అలవాటు చేసుకో.

నూకమ్మను కూడా ఎక్కించు. రానంటే బతిమాలకు, రెక్క పట్టుకుని ఎక్కించు. కొట్లో ఇచ్చిన ఆ బిళ్ళల అట్ట తీసుకురా, డాక్టరుకి చూపించాలి. రోజుకి ఎన్ని, ఎన్నాళ్ళనుంచి, ఒక్క ముక్క దాచకుండా చెప్పాలి. స్టేజీ మీద సిగ్గుపడకుండా చెప్పిన మనిషి, అక్కడా చెబుతుంది.

నేను మొదటి బస్సుకి బయలుదేరుతున్నాను. నువ్వు ఇది చదివే వేళకి పలాస ఆసుపత్రిలో ఓపీ వరసలో నిలబడి ఉంటాను. ఇవాళ మందిరంలో నా ప్రసంగం ఉంది. రానని కబురు పంపాను. దేవుడికి నా మాట ఒక పూట వినబడకపోతే ఏమీ కాదు.

మీ ముగ్గురికీ చోటు పట్టుకుని నిలబడే
దానయ్య

చదవడం అయిపోయిందిగా? ఇంకా ఉత్తరం పట్టుకుని నిలబడ్డావేం? అది మడిచి జేబులో పెట్టు. లోపలికి వెళ్ళి నా చెల్లెల్ని లేపు. రేపు కాదు, ఉగాది వెళ్ళాక కాదు. ఇవాళ. ఇప్పుడే. ఎక్కు!